అన్నయ్య తీసిన ఆఖరి ఫొటో

తొంభైల నాటి మాట. భిలాయిలోని మరోదాలో, నాన్నగారికి ఉక్కు ప్లాంటు ఇచ్చిన క్వార్టర్లో ఉంటూ జువాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా అన్నయ్య అండమాన్‌లో డైవరు. సముద్రం అడుగున తిరిగే స్లగ్గులను, అంటే గుల్ల లేని రంగురంగుల నత్తలను, ఫొటోలు తీసి పంపేవాడు. వాటి కొమ్ములూ మొప్పలూ చూసి, పుస్తకాలు తిరగేసి, ఏది ఏ జాతో నేను చెప్పేదాన్ని.

ఒకరోజు నీళ్లలోకి దిగిన అన్నయ్య మళ్లీ పైకి రాలేదు. ఎంత గాలించినా తోటివాళ్లకు రాళ్ల మధ్య అతని కెమెరా తప్ప ఏమీ దొరకలేదు. అది మా ఇంటికి చేరాక, రీలు స్టూడియోలో కడిగించాను.

"దీదీ, ఆఖరిదొక్కటే సాఫ్‌గా వచ్చింది," అన్నాడు స్టూడియో భయ్యా.

ఫొటోలో రాతి మీద పాకుతున్న ఒక స్లగ్గు ఉంది. మొప్పలుండే వెనక భాగం రాతి చాటున పడింది. అమ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "దీని పేరేటే?" అంది.

ఉన్న పుస్తకాలన్నీ వెతికాను. పోల్చుకోలేకపోయాను.

"మొప్పలు కనబడ్డం లేదమ్మా. సెప్పలేను."

"ఆడు ఆకర్న సూసింది ఏటో కూడా మనకి తెలీదేటే?" అంది అమ్మ.

ఏ పేరు చెప్పినా అమ్మ నమ్మేది. కానీ అన్నయ్య ఎలా పోయాడో, ఎక్కడున్నాడో ఏదీ తెలియని ఇంట్లో, తెలిసినట్టు ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. అమ్మ పోయేదాకా అడుగుతూనే ఉంది.