సుట్టీ కాగితం

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా బిడ్డ కూతురు ఫోను చేతిలో పట్టుకుని, పద్నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితాన్ని బొటనవేలితో పైకి తోసుకుంటూ పోయి, ఒక్క ముక్కా చదవకుండా చివరనున్న చిన్న గడిలో టిక్కు పెట్టబోతుంటే, డెబ్భై ఏళ్లు దాటినవాణ్ణన్న మాట కూడా మరిచి, ఆ ఫోనును ఆమె చేతిలోంచి గుంజుకున్నాను. హైదరాబాదులో ఏదో కంపెనీలో ఆమెకు వచ్చిన మొదటి ఉద్యోగపు ఒప్పందం అది. సాయంత్రం ఆరు గంటల్లోపల ఒప్పుకున్నట్టు తెలపాలట.

"గవన్ని ఎవరు చదువుతరు తాతా? కింద టిక్కు కొడితే అయిపాయె" అన్నది, నేనేదో అడవిలోంచి వచ్చినట్టు చూస్తూ.

నా కోపం ఆ పిల్ల మీద కాదు. వికారాబాద్ స్టేషను రోడ్డులో, మిఠాయి దుకాణం పైన మెట్లెక్కి మూడు నెలలు ఆమె నేర్చుకున్న ఆఫీసు ఇంగ్లీషు మీద. పట్టుబట్టి ఆ కోర్సులో చేర్పించినవాణ్ణి నేనే, కనుక నా మీద కూడా. అద్దం ముందు నిలబడి ఆమె సాధన చేస్తుంటే ఆ మూడు నెలలూ మురిసిపోయాను గాని, ఏం నేర్పుతున్నారో చెవి పెట్టి వినలేదు. నవ్వుతూ పలకరించడం నేర్పారు, మెయిలు చివర రిగార్డ్స్ రాయడం నేర్పారు, పై అధికారి తిట్టినప్పుడు ఫీడ్‌బ్యాక్ ఇచ్చినందుకు థాంక్యూ అనడం కూడా నేర్పారు. తిట్టించుకుని థాంక్స్ చెప్పడానికి మూడు నెలల చదువా? మన మెడకు చుట్టుకునే మాటలు ఎన్ని ఉంటాయో, వాటిలో ఒక్కటంటే ఒక్కటి నేర్పలేదు.

నా వయసువాళ్లకు ఇది చెబితే అర్థమవుతుంది. మనలో చాలామంది ఇంగ్లీషు మొదట చూసింది పుస్తకంలో కాదు, ఎవరో దస్కతు పెట్టమని ముందుకు తోసిన కాగితం మీద.

మాది కోట్‌పల్లి వైపు గొర్లు కాసే ఇల్లు. నాలుగో తరగతితో బడి మాని మందల వెంట తిరిగి, మీసాలు వచ్చే వేళకు మా అక్క మొగుడితో కలిసి తాండూరులో నాపరాయి పాలిషు చేసే యార్డులో పనికి కుదిరాను. బావకు అక్షరం ముక్క రాదు. జీతం రోజున అందరి ముందు వేలిముద్ర వేయడం ఆయనకు మహా నామోషీగా ఉండేది. అందుకని మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, పక్కన పడి ఉన్న నీలి బండ మీద సుద్దముక్కతో ఆయన పేరు నేనే రాసి, దిద్దించి, నెల రోజుల్లో సంతకం నేర్పాను. ఆ రోజు ఆయన నడకే మారిపోయింది. బొటనవేలికి సిరా అంటని మనిషినని యార్డంతా చేతులు చూపించుకుంటూ తిరిగాడు. గురువును గదా, నేనూ వెనకే తిరిగాను.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పనికి సెలవు, మా మాటలో సుట్టీ, కావలసినవాడు మున్షీ గదికి పోవాలి. మున్షీ, అంటే యజమాని తరఫున లెక్కాపత్రాలు చూసే గుమాస్తా, టైపు కొట్టిన ఇంగ్లీషు కాగితంలో పేరు రాసి, అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించేవాడు. మనం దస్కతు పెట్టేవాళ్లం. కాగితం ఇనుప సొరుగులోకి పోయేది. ఎన్నో ఏళ్లుగా అట్లాగే నడిచింది. కాగితంలో ఉన్నదీ ఆయన చదివిందీ ఒకటేనా అని అనుమానించడం, పెద్దమనిషిని పట్టుకుని దొంగ అన్నట్టే.

ఒకనాడు బండ జారి బావ కుడికాలి వేళ్ల మీద పడింది. నేనూ ఇంకొకడూ రెక్కలు పట్టి మున్షీ గదికి నడిపించుకుపోయాం. పది రోజుల సుట్టీ అని ఆయన చదివి వినిపించాడు, కాలు జాగ్రత్త అని కూడా అన్నాడు. బావ ఆ నొప్పిలో కూడా పక్కనున్న సిరాదిండును మోచేత్తో అవతలికి జరిపి, కలం అడిగి తీసుకుని, నేను నేర్పిన గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. పది రోజులకు కుంటుతూ పనికి వస్తే, గేటు దగ్గర చౌకీదారు పట్టీలో నీ పేరు లేదని ఆపేశాడు. అడగబోతే మున్షీ కార్బను ప్రతి తీసి మా మొహాన పడేశాడు.

మా వాడకట్టులో ఇంగ్లీషు చదవగలిగింది చర్చి అయ్యగారు ఒక్కరే. ఆ కాగితం ఆయన దగ్గరికి తీసుకుపోయాం. కళ్లద్దాలు పెట్టుకుని ఒకసారి చదివి, మళ్లీ ఒకసారి చదివి, అర్థం చెప్పాడు. నా సొంత కారణాల వల్ల, ఎవరి బలవంతమూ లేకుండా, నా అంతట నేనే పని మానుకుంటున్నానని ఉంది అందులో.

బావ తన సంతకం మీద వేలు పెట్టాడు. తరువాత, "దస్కతు నాదే అయ్యగారూ. మాటలు నాయి కావు" అన్నాడు.

ఆ మాట అప్పుడు నా చెవిలో పడింది, ఇంకా పోలేదు. బావకు సంతకం నేర్పింది నేను. వేలిముద్రే అయితే మున్షీ చదువొచ్చిన ఇద్దరు సాక్షుల్ని పిలవవలసి వచ్చేది, వాళ్లలో ఎవడికో అనుమానం వచ్చి ఉండేది. పెట్టడం నేర్పి చదవడం నేర్పని నా గొప్పతనం ఆయన పని ఊడగొట్టింది. బావ మళ్లీ గొర్ల వెంట పోయాడు. తాండూరు మొహం చూడలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు పెద్ద శిక్ష.

నేను మాత్రం అక్కడే ఉన్నాను, కసి కొద్దీ ఉన్నాను. వికారాబాద్ బస్టాండులో అట్ట ఊడిన నిఘంటువు ఒకటి దొరికింది. మున్షీ గది ఊడ్చినప్పుడు బయటపడే చిరుగు కాగితాలు ఏరుకుని, పొద్దున్నే ఒక్కో మాటా బండ మీద సుద్దతో రాసుకునేవాణ్ణి. వాలంటరీ. రిలీవ్. టెర్మినేట్. ఆ బండ మధ్యాహ్నానికి పాలిషు మిషను కిందికి పోయేది, నీళ్లు పడగానే అక్షరం కొట్టుకుపోయేది. ఆలోపల మాట నాకు రావాలి, అదీ నా పరీక్ష. తోటివాళ్లు బండల పంతులని పేరు పెట్టి నవ్వారు. హలో ఎట్లా అనాలో నాకు చాలా ఏళ్లు రాలేదు గాని, మనిషిని పనిలోంచి తీసేయడానికి ఇంగ్లీషులో ఎన్ని మర్యాదైన మాటలున్నాయో అన్నీ వచ్చాయి.

రెండేళ్ల తరువాత నాకే సుట్టీ కావలసి వచ్చింది. మున్షీ తెలుగులో చదువుతుంటే కాగితం ఇటివ్వమని తీసుకుని, తప్పో ఒప్పో, కూడబలుక్కుంటూ పైకే చదివాను. "ఏం రా, లండన్ నుంచి దిగి వచ్చినవా?" అన్నాడాయన. ఆ కాగితంలో మోసమేమీ లేదు, నిజంగా సుట్టీయే. అయినా ఆ రోజు నుంచి యార్డులో ఎవడూ నాకు చూపించకుండా దస్కతు పెట్టలేదు, మున్షీ కూడా మునుపటంత గడగడా చదవలేదు.

ఇదంతా మా పిల్లకు మంగళవారం చెప్పి, ఒప్పందాన్ని వాక్యం వాక్యం పైకి చదివించాను. అసలు సర్టిఫికెట్లు రెండేళ్లు కంపెనీ దగ్గరే పెట్టుకుంటారట. కారణం చెప్పకుండా వాళ్లు ఎప్పుడైనా తీసేయవచ్చు, ఈమె మాత్రం మానకూడదు. ఇండెమ్నిఫై అన్న మాట దగ్గర ఆమె ఆగింది, డిగ్రీ చదివిన పిల్లకు తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు. మా వరండాలో పరిచినవి తాండూరు బండలే. ముగ్గు సుద్దతో ఆ మాటను అక్కడ రాయించి, పాత నిఘంటువు దింపాను. వాళ్లకు ఏ నష్టం వచ్చినా తన మీద వేసుకుని భరించడమట. పిల్ల మొహం వాడిపోయింది.

అడిగితే ఉద్యోగం పోతుందని ఏడ్చింది, వాళ్లమ్మ నా మీద లేచింది. అయినా చివరికి అయిదున్నరకు, సర్టిఫికెట్ల నకళ్లు ఇస్తాను, అసలువి నా దగ్గరే ఉంచుకోవచ్చునా అని మెయిలు రాసింది. ఎంత వినయంగా రాసిందంటే, ఆ మిఠాయి దుకాణం పైవాళ్ల చదువు అంతా వృథా కాలేదని ఒప్పుకోక తప్పలేదు. కింద రిగార్డ్స్ కూడా పెట్టింది. టిక్కు మాత్రం పెట్టలేదు.

ఇవాళ శుక్రవారం. జవాబు రాలేదు. బహుశా రాదు కూడా. ఆ పిల్ల ఉద్యోగం నా మూలంగానే పోయిందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు, నేను కాదనడం లేదు. మున్షీ దుర్మార్గుడే గాని, ఆయనకు ఒక గది ఉండేది, గదికి తలుపు ఉండేది, ఎదురుగా నిలబడి కాగితం ఇటివ్వమనడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఎవరి ముందు నిలబడాలో నాకు తెలియడం లేదు.

పొద్దున మా బిడ్డ వరండా కడిగింది. సుద్దమాట నీళ్లతో పోయింది. అయ్యో అనబోయాను. గడప మీద ఫోను పట్టుకుని కూర్చున్న మనవరాలు తల ఎత్తకుండానే, "పోనీ తాతా. నష్టం నా మీదేసుకునుడు" అన్నది. కోపంగానే అన్నది, అయినా ఇండెమ్నిఫై అన్న మాట ఇప్పుడు ఆమెది. బావ బతికి ఉంటే విని ఉండేవాడు.