రెండు టిప్పర్ల నడుమ పాట

అన్న చనిపోయాడని మాకు కంపెనీ బస్సు డ్రైవర్ చెప్పాడు. పొద్దున షిఫ్టుకు ఇబ్రహీంపట్నం చౌరస్తాలో మమ్మల్ని ఎక్కించుకున్నాక, రోజూ మోగే పాటలు బంద్ చేసి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, "అన్న పోయిండు. దవాఖానల, తెల్లారంగ" అన్నాడు. ఉత్త జ్వరమే కదా అని వారం రోజులు గోలీలతో నెట్టుకొచ్చిన మనిషి. బస్సు కదిలింది. ఎవరు పోయినా షిఫ్టు ఆగదు.

అప్పటికి అన్న కొత్త ఆల్బమ్ మా ఫోన్లలోకి వచ్చి నెల. అందులో ఆఖరి మూడు వారాలూ నేను అన్నతో మాట్లాడలేదు. ఈ సంగతి దాచి ఆయన గురించి మంచి మాటలు రాస్తే అది అబద్ధం.

ఆయన మా పైపుల కంపెనీలో ఎలక్ట్రీషియన్. నాకు తోడబుట్టినవాడు కాదు, అందరికీ అన్నే. పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి, ఒక్క గిటార్ మీద మెల్లగా పాడేవాడు. డప్పు లేదు, కోరస్ లేదు. గిటార్ మీటడానికి మా కంపెనీ పైపు ముక్కనే అరగదీసుకున్నాడు. చొక్కా జేబులో కరెంటు టెస్టర్ పక్కనే ఆ ముక్క ఉండేది. అప్పుడప్పుడు ఒకటనుకుని ఒకటి తీసేవాడు.

అన్నా వదినల గది సాగర్ రోడ్డును ఆనుకుని ఉంటుంది. హైదరాబాద్‌లో అంతస్తులు లేచినకొద్దీ మా రోడ్డు మీద కంకర టిప్పర్లు పెరిగాయి. ఆ అంతస్తుల రాయంతా అన్న కిటికీ ముందు నుంచే పోయింది. ఆ గదిలోనే ఆల్బమ్ తయారైంది. వదిన కిటికీకి బొంతలు కట్టేది. ఫ్యాన్ ఆపేసేవాళ్లు. బియ్యం డబ్బా మీద ఫోన్ పెట్టి, బనీను తడిసిపోతుండగా అన్న కూర్చునేవాడు. వదిన గుమ్మంలో నిలబడి రోడ్డు చూసేది. ఒక టిప్పర్ దాటిపోగానే చెయ్యి దించేది, అన్న మొదలుపెట్టేవాడు. ఇంకో టిప్పర్ కనపడగానే చెయ్యి ఎత్తేది, ఆపేవాడు. ఆ సందులో పట్టినంతే పాట. అన్న పాటలు అంత పొట్టిగా ఎందుకున్నాయని అడిగేవాళ్లకు నా దగ్గర ఇదే జవాబు.

ఒకరోజు ఒకే పాట తొమ్మిదిసార్లు ఆగింది. నాకు ఒళ్లు మండి, రోడ్డు మీదికి పోయి టిప్పర్‌కు అడ్డం నిలబడతానని లేచాను.

"నిలబడి ఏం జేస్తవ్ తమ్మీ? వాడు గూడ డ్యూటీలనే ఉన్నడు. జర ఆగు, పోనీ" అన్నాడు అన్న.

జర ఆగు, పోనీ. ఈ మాట ఆయన రోజుకు పదిసార్లు అనేవాడు. విన్నప్పుడల్లా నాకు పళ్లు నూరాలనిపించేది. ఇంకో మాట కూడా ఉంది: "ఒర్రితే మంది ఎనకకు జరుగుతరు. మెల్లగ పాడితే ముంగటికి వంగుతరు."

ఆల్బమ్ వచ్చాక అందరూ ముందుకు వంగలేదు. చాయ్ హోటల్‌లో ఒకాయన రెండు పాటలు విని, "గిది పాటనా, సెలైన్ బాటిలా? సుక్క సుక్క పడుతున్నది" అన్నాడు. హోటలంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ అన్నే నవ్వాడు. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు మాత్రం అన్నం తినేటప్పుడు అవే పెట్టుకునేవాళ్లు. "మా ఇంటాయన గింత మెల్లగ మాట్లాడితె నేనెందుకు లొల్లి పెట్టుకుంట?" అని వాళ్లలో ఒక అక్క అంది. మీర్‌పేట్ దిక్కు నుంచి ముక్కూ మొహం తెలియని వాళ్లు అన్న ఫోన్‌కు మెసేజ్‌లు పంపారు: చాలా ప్రశాంతంగా ఉంది, పడుకునే ముందు పెట్టుకుంటున్నాం. అన్న వాటిని చిన్నపిల్లాడిలా అందరికీ చూపించాడు. నాకు మాత్రం రక్తం మరిగింది. ఎందుకంటే ఆ పాటల్లో ఒకటి ఖాజా భాయ్ చేతి గురించి.

ఖాజా భాయ్ మా లైన్‌లో పెద్దమనిషి. పైపులు కోసే మిషన్‌కు చెయ్యి లోపలికి పోకుండా ఉండాల్సిన అడ్డు రేకును, అంటే గార్డును, పని తొందరగా సాగాలని తీయించారు. ఖాజా భాయ్ కుడిచేతి రెండు వేళ్లు అందులో పోయాయి. అప్పటి నుంచి ఆ చెయ్యి ప్యాంటు జేబులోనే ఉంటుంది. నేను బడి మధ్యలో ఆపినవాణ్ని, రాయడం నాకు నేనే నేర్చుకున్నాను. దీని మీద నాలుగు కాగితాలు రాసి, పాట కట్టమని అన్నకు ఇచ్చాను. ఖాజా భాయ్ పేరు, కంపెనీ పేరు, గార్డు తీయించిన సూపర్‌వైజర్ పేరు, అన్నీ రాశాను. ఆల్బమ్‌లో వాటిలో ఒక్క ముక్క లేదు. ఉన్నది ఇది:

మూడు వేళ్ల నాయిన అల్లిన జడ బడిదాక నిలవది,
అయినా బిడ్డ నాయిన్నే అల్లుమంటది.

పైగా ఆ పాట మధ్యలో టిప్పర్ వస్తుంది. అన్న పాడడం ఆపి, అది పోయేదాకా గిటార్ చెక్క మీద వేళ్లతో తట్టుకుంటూ కూర్చున్నాడు. దాన్ని తీసేయలేదు కూడా, అట్లాగే ఉంచాడు. ఆ మెసేజ్‌లు చూసిన రోజే గదికి పోయి అరిచాను.

"పేర్లన్నీ ఏడికి పోయినయన్నా? భయపడ్డవా?"

అన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "అవ్. భయపడ్డ" అన్నాడు.

"మన చెయ్యి తెగితె వాళ్లకు నిద్ర పడుతున్నది. నీ గిటార్ పొయిల పెట్టుకో" అని వచ్చేశాను. ఆయనతో నా చివరి మాట అదే.

అన్న పోయిన రోజు మధ్యాహ్నం ఆయన దహనానికి పోవడానికి కంపెనీ బస్సు ఇచ్చింది. రోజూ బైక్ మీద తిరిగే ఆ సూపర్‌వైజర్ మాతోపాటు బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రైవర్ అన్న పాటలు పెట్టాడు. మూడో పాటకే ఆ చెయ్యి పాట వచ్చింది. సూపర్‌వైజర్ వెనక్కి తిరిగాడు.

"మూడు వేళ్లా? ఎవరి మీద రా గీ పాట?"

బస్సులో ఇరవైమందిమి. నా పక్కనే ఖాజా భాయ్, కుడిచెయ్యి జేబులో. సమాధానం నా నాలుక చివరికొచ్చింది. నేను లేవబోతుండగా ఆయన ఎడమచెయ్యి నా మోకాలి మీద పడి గట్టిగా నొక్కింది. "కూసో బేటా" అన్నాడు పెదవులు కదపకుండా.

"పట్టుకోండ్రి సార్, మూలమలుపు" అని డ్రైవర్ బ్రేక్ కొట్టి, అదే ఊపులో పాట ఆపేశాడు.

చితి అంటుకున్నాక ఖాజా భాయ్ నన్ను గోడ పక్కకు తీసుకుపోయాడు.

"నీ కాయిదాలు అన్న మా ఇంటికి తెచ్చిండు. మొత్తం సదివి ఇనిపిచ్చిండు. 'పేర్లు పెట్టాల్నా భాయ్' అని అడిగిండు. ఇంటికాడ కొడవలికి తెగిందని నేను సంతకం పెట్టిన బేటా. గట్ల పెడితేనే నౌక్రీ ఉంచుతమన్నరు. పేరొస్తే ఏమైతది? 'పేరు తీసెయ్, పాట ఉంచు' అని చెప్పిన."

"గీ ముచ్చట అన్న నాకెందుకు చెప్పలే?"

"నేనే వద్దని చెప్పిన. నీకు చెప్తె ఆగుతవా? గేటు కాడ నిలబడి ఒర్రుతవ్." మళ్లీ ఆయనే అడిగాడు: "గని బేటా, రాసేటప్పుడు నన్ను ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. వేళ్లు ఆయనవి, సంతకం ఆయనది, కోపం మాత్రం నాది అనుకుని రాసేశాను. అన్న 'భయపడ్డ' అన్నది నిజమే. ఎవరి కోసమో చెప్పకుండా ఆ భయాన్ని తన మీద వేసుకుని, నా తిట్లు తిని ఊరుకున్నాడు. తప్పయిందని చెప్పుకోవడానికి నాకు ఇప్పుడు ఆయన లేడు. అయినా ఒక మాట రాయాలి: ఆ మిషన్‌కు ఈ రోజుకీ గార్డు లేదు. నా కోపం ఎక్కడికీ పోలేదు. కానీ ఇకమీద ఎవరి దెబ్బ గురించి రాసినా ముందు వాళ్ల గడప ఎక్కి అడుగుతాను. ఈ నాలుగు మాటలు కూడా ఖాజా భాయ్‌కి చదివి వినిపించాకే ఇస్తున్నాను. "ఈసారి పేరు ఉండనీ" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో సూపర్‌వైజర్ మళ్లీ అదే ముందు సీట్లో కూర్చున్నాడు. బస్సు సాగర్ రోడ్డెక్కింది. ఖాజా భాయ్ గొంతు సవరించుకున్నాడు.

"డ్రైవర్ సాబ్, పోయేటప్పుడు బంద్ చేసినవ్ సూడు, గా పాట పెట్టు."

డ్రైవర్ అద్దంలోంచి ఆయన్ను చూశాడు. పెట్టాడు. నాయిన, బిడ్డ, జడ. తర్వాత టిప్పర్ వచ్చింది, అన్న గొంతు ఆగింది. చెక్క మీద వేళ్లు తట్టడం మొదలైంది. నేను ముందుకు వంగాను. ఖాజా భాయ్ కుడిచెయ్యి జేబులోంచి బయటికొచ్చి, ముందు సీటు ఇనుప కడ్డీ మీద వాలింది. మూడు వేళ్లు అన్నతో పాటు తట్టాయి. సూపర్‌వైజర్ తిరిగి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ చెయ్యి జేబులోకి పోలేదు. పాటలో టిప్పర్ ఇంకా దాటలేదు.