ఆటకు ముందు అన్నం

మా ముత్తాత మూడు ఊళ్ళకు మునసబు. ఆయన వచ్చి గట్టు మీద నిలబడితే పొలం తగాదాలు అక్కడికక్కడే ఆగిపోయేవని ఆళ్ళగడ్డ చుట్టుపక్కల ముసలివాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆయన కొడుకు, అంటే మా జేజినాయన, మునసబు పనితో పాటు నాటకాన్ని కూడా ఇంటి బాధ్యతగా తలకెత్తుకున్నాడు. ప్రతి వేసవిలో మా ఇంటి ముందు పౌరాణిక నాటకం ఆడించేవాడు. దూరపు ఊళ్ళ నుంచి జనం బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు.

ఆ ఆటకు ఒక పద్ధతి ఉండేది. రాజు వేషం కట్టే నటుడు ఆ సాయంత్రం మా ఇంట్లో అన్నం తినాలి. అతను తిని ఆకు ఎత్తేదాకా మా ఇంట్లో ఎవరూ అన్నానికి కూర్చోకూడదు. తర్వాత మా ఇంటి పెద్ద తన చేతులతో అతని తలకు కిరీటం పెట్టాలి. అప్పుడే హార్మోనియం మొదలవుతుంది. ఆ కిరీటం మాది. తేలిక కర్రతో చేయించి, బంగారు రేకు తాపి, చుట్టూ అద్దం ముక్కలు పొదిగించారు. నటుడి నుదుటికి ఒరుసుకోకుండా లోపల మా జేజి తన పెళ్ళిచీర అంచు కత్తిరించి కుట్టింది. కిరీటంతో పాటు భుజకీర్తులు, గద, ఎర్ర మఖమలు తెర ఉండేవి. అన్నీ ఒకే టేకు పెట్టెలో.

పొలం నాయన కాలంలో పోయింది. ఎందుకు పోయిందో ఇక్కడ చెప్పను. ఇల్లు ఆ తర్వాత పోయింది. కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి ఎరువుల గోడౌను కట్టారు. నాయన పోయాక అన్నా నేనూ మిగిలినవన్నీ పంచుకున్నాం, పెట్టె తప్ప. పంచకూడని వస్తువు పెద్దకొడుకు ఇంట్లో ఉండాలి, దాని తాళంచెవి చిన్నకొడుకు దగ్గర ఉండాలి. అది మా ఇంటి ఆచారం. ఒకరు లేకుండా ఇంకొకరు తెరవలేరు. మా జేజి నగల పెట్టె కూడా ఒకప్పుడు అట్లాగే ఉండేదట. అందుకని పెట్టె ఆళ్ళగడ్డలో అన్న ఇంటికి పోయింది. తాళంచెవి నంద్యాలలో నా దగ్గర ఉంది.

నేను బేతంచెర్ల రోడ్డులో బండలు పాలిష్ పట్టే కార్ఖానాలో బిల్లులు రాస్తాను. అన్న ఆళ్ళగడ్డలో ఒక పురుగుమందుల దుకాణంలో కూర్చుంటాడు. దుకాణం అతనిది కాదు.

పోయిన చలికాలం నంద్యాలలో ఒక పౌరాణిక నాటకం వేస్తున్నారని తెలిసి రెండు పాసులు సంపాదించాను. అదే నాటక సమాజం వాళ్ళు ఉగాది దాటాక ఇంకో ఆట వేస్తారని కూడా విన్నాను. అప్పటి నుంచి నా మనసులో ఒకటే ఆలోచన. ఆ ఆటకు మన పెట్టె తెరవాలి. నటుడికి మా అద్దె ఇంట్లోనే అన్నం పెట్టాలి. అన్న తన చేతులతో అతని తలకు కిరీటం పెట్టాలి. వంకాయ కూర తానే చేస్తానని నా భార్య ముందే చెప్పింది. ఇక అన్న సరే అనడమే మిగిలింది.

ఫోన్ చేస్తే అన్న మొదట పని ఉందన్నాడు. మళ్ళీ చేస్తే నడుము నొప్పి అన్నాడు. ఇంకోసారి చేసినప్పుడు మాత్రం, "సరేలే, వస్తాండా. నీతో మాట్లాడేది కూడా ఉండాది" అన్నాడు.

నాకూ మాట్లాడేది ఉంది. ఇటువంటి మాట బస్టాండులో నిలబడి అడిగేది కాదు. ఎదురెదురుగా కూర్చుని, అన్నం తింటూ అడగాలి. నా భార్య కొత్తపల్లెలో పుట్టింటికి పోయి ఉంది కాబట్టి ఇంట్లో వంట లేదు. నెలాఖరు కాబట్టి పెద్ద హోటలు నా వల్ల కాదు. మర్యాదగా కూర్చోగలిగి, నా జేబుకు అందే చోటు ఒకటి, ఆట మొదలయ్యే లోపల దొరకాలి. అంతే నాకు కావలసింది.

అన్న బస్సు దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కానీ గడ్డం గీసుకోలేదు. బయటికి వస్తూనే ఎదురుగా ఏసీ హోటలు చూసి, "ఈడనా?" అన్నాడు.

"ఈడ రేట్లు జాస్తి అన్నా."

"అయితే వద్దులే" అన్నాడు. వెంటనే ఒప్పుకున్నందుకు మనసులోనే సంతోషించాను.

కొంచెం ముందుకు పోతే రోడ్డు పక్కన ఒకామె జొన్నరొట్టెలు కాలుస్తోంది. ఆ వాసనకే కడుపులో ఆకలి లేచింది. ఊరిబిండి పచ్చడి గిన్నె మీద మూత తీసి చూపించి, "రాండప్పా, వేడేడివి ఉండాయి" అంది. కూర్చోడానికి కాలవ పక్కన రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు ఉన్నాయి. నేను తటపటాయిస్తుంటే అన్నే అన్నాడు: "కాలవ గట్టున కూసోని తినేదేందిరా, మనం?"

"కూసుంటే కాలవలోకి పడతారా ఏంది? కలెక్టరు గూడా తిని పోయినాడు ఈడ" అంది ఆమె రొట్టె తిప్పుతూ.

"కలెక్టరుకేమమ్మా, బదిలీ అయితే పోతాడు" అన్నాడు అన్న. ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నా చెవిలో మిగిలింది అతని నోటి నుంచి వచ్చిన 'మనం' అనే మాట. నాయన పోయాక ఆ మాట అట్లా అనగా వినలేదు. పెట్టె సంగతి అడగడం తేలికే అనిపించింది.

బిర్యానీ హోటలు దగ్గర నేనే వెనక్కి తిరిగాను. గల్లా దగ్గర కూర్చున్నాయన తాత మా ఇంట్లో బండి తోలేవాడు. ఆయన మమ్మల్ని చూస్తే దుడ్లు తీసుకోడు. మా ఇంటి ముంగిట తిన్నవాళ్ళ దగ్గర ఊరికే తినడం మాకు రాదు. అన్నకు ఈ మాట చెబితే తల ఊపాడు. నిజంగా ఒప్పుకున్నట్టే ఊపాడు.

తర్వాత మెట్ల పైన ఒక మెస్సు. అన్న ముందు ఎక్కాడు, వెనకే నేను. తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసి చటుక్కున వెనక్కి తిరిగాడు. "నిండిపోయింది రా. పా, బేగా పా" అన్నాడు. అతని భుజం మీదుగా నాకు కనబడింది వేరు. సగం బల్లలు ఖాళీ. ఒక బల్ల పక్కన నేల మీద హార్మోనియం పెట్టె ఉంది, దాని చుట్టూ నలుగురు తింటున్నారు. ఆటవాళ్ళ పక్కన కూర్చుని తినడం అన్నకు నామోషీ కాబోలు అనుకున్నాను. ఒకప్పుడు వాళ్ళకు అన్నం పెట్టిన చెయ్యి కదా. తప్పు పట్టలేదు. ఇంకా గౌరవమే పెరిగింది.

అట్లా ఇంకా తిరిగాం. ఒకచోట గోల ఎక్కువన్నాడు. ఒకచోట దుకాణం ఓనరు బంధువు ఉన్నాడన్నాడు. రెండుసార్లు నా భుజం మీద చెయ్యి వేసి, "రేయ్ నాయనా..." అని మొదలుపెట్టి, ఆపేసి, "ఈ రోడ్డు ఎంత మారిపోయె సూడు" అన్నాడు. రోడ్డు ఏమీ మారలేదు.

ఆట వేళ దగ్గర పడింది. హాలు పక్క సందులో నాకు తెలిసిన మెస్సు ఒకటి ఉంది. ఆకు వేసి అన్నం పెడతారు, అడిగినంత పెడతారు, ధర నాలాంటివాడికి అందుతుంది. "ఇంగ తిరగలేను అన్నా. దీంట్లోనే తిందాం" అన్నాను.

"ఈడ వద్దురా."

"ఏం?"

"వద్దంటే వద్దు."

నేను వినలేదు. చెప్పులు విప్పి లోపలికి పోయాను. అన్న బయట కాసేపు నిలబడి, నా వెనకే వచ్చాడు.

మేము కూర్చున్న బల్లకు ఎదురుగా ఇద్దరున్నారు. ఒకాయన నటుడని చూడగానే తెలుస్తుంది. కనుబొమ్మలు సన్నగా దిద్దుకుని, వీపు నిటారుగా పెట్టి ఆకు ముందు కూర్చున్నాడు, ఇంకా వడ్డించలేదు. రెండో ఆయన లావుపాటి మనిషి, మెడలో తువ్వాలు. అన్నను చూడగానే చెయ్యెత్తాడు.

"ఓహో, ఆళ్ళగడ్డన్నా! ఏందప్పా, సూసి సూడనట్ల పోతాండావ్? నేను, వేషాల సామాను అద్దెకిచ్చేవాన్ని. నీ ఇంటికాడ పెట్టె ఆటోకు ఎక్కించుకున్యా గదా!"

అన్న మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు. ఆయన నా వైపు తిరిగాడు.

"తమ్ముడా? మొగం పోలిక ఉండాది. ఏం సామానప్పా అది! ఇప్పుడు అట్లా చేసేవాళ్ళు లేరు. కాకపోతే తాళం మాత్రం మమ్మల్ని ఏడిపించింది. సుత్తితో కొడితే రాల్యా. గడ్డపార తెచ్చి పెకలించినాం. తాళంచెవి ఎప్పుడో పోయిందని అన్న చెప్తాండె."

తాళంచెవి నా చొక్కా లోపలి జేబులో ఉంది. ఆ సాయంత్రం అన్నకు చూపించి అడగాలని ఇంటి నుంచి తెచ్చుకున్నాను.

"ఇంగా ఏమన్నా ఉండాయా అన్నా ఇంట్లో?" అని లావుపాటి ఆయన అన్నను అడిగాడు. వెక్కిరింపు కాదు, వ్యాపారం మాట. అన్న మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని దాంట్లోకే చూస్తున్నాడు.

నేను అడిగాను: "ఈ పొద్దు ఆటకు ఆ కిరీటమేనా?"

"అదే. ఇదో, ఈయన నెత్తికే."

నటుడు నా వైపు చూసి నవ్వాడు. "చూసేకి తేలిక గాని, పెట్టుకుంటే బరువేనప్పా. పద్యం పాడేటప్పుడు మెడ నొస్తాది. కానీ నెత్తిన పెడితే మాత్రం నడకే మారిపోతాది. లోపల ఏదో పట్టు కుట్టినారు, మెత్తగుండాది."

వడ్డించే మనిషి సాంబారు బకెట్టుతో వచ్చి ముందు నా ఆకు వైపు వంగాడు. చెయ్యి అడ్డం పెట్టాను.

"ముందు ఆయనకు పెట్టు. ఆయన బిల్లు నాది. ఆయనతో ఉన్నాయనది కూడా."

"ఎందుకప్పా మీకు శ్రమ?" అన్నాడు నటుడు.

"శ్రమ కాదు. తినండి."

"మరి మీరు?"

"మీరు లేచినాక."

అతనికి ఏమీ అర్థం కాలేదు. అన్నకు అర్థమైంది. అతను ఆకు దూరంగా జరిపి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. నటుడు పప్పు కలుపుకుని, మళ్ళీ అన్నం పెట్టించుకుని, బనగానపల్లెలో ఆడిన ఆట కబుర్లు చెబుతూ తిన్నాడు. మైకు చెడిపోతే గొంతుతోనే ఆటంతా లాగించానన్నాడు. మంచి తిండిమనిషి. పెరుగు రెండుసార్లు వేయించుకున్నాడు. నేను నిటారుగా కూర్చుని ఆయన ఆకు ఎత్తేదాకా చూశాను. వాళ్ళు చేతులు కడుక్కుని, నాకు దండం పెట్టి, హాలు వైపు పోయారు. నేను గల్లా దగ్గర డబ్బు కట్టాను. ఆ తర్వాత మా ఇద్దరికీ అన్నం కొనే స్థితి నా జేబుకు లేదు. ఉన్నా దిగేది కాదు.

సందులోకి వచ్చాక అన్న అన్నాడు: "చెప్దామనే వచ్చినా రా. ఇన్ని హోటళ్ళు తిరిగితిమి గదా. యాడా నోరు రాల్యా."

నాకు అప్పుడు ఆ మెట్ల మెస్సు గుర్తుకొచ్చింది. హార్మోనియం పెట్టె గుర్తుకొచ్చింది. కాలవ పక్కన అతనన్న 'మనం' గుర్తుకొచ్చింది. మా ఇంటి మర్యాద అనుకుని నేను మురిసిపోయిన ప్రతి మాటా, ఆటవాళ్ళ కంట పడకుండా ఉండడానికీ, నాకు చెప్పడం ఇంకాస్త వాయిదా వేయడానికీ అన్నదే.

"తాళంచెవి పోయిందని ఎందుకు చెప్పినావ్?" అన్నాను.

"నిన్నడిగింటే ఇస్తాంటివా?"

"ఇయ్యను."

"మరింగేందిరా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇల్లు గడవాల గదా. పెట్టె తింటామా?"

"ఆకలైతే నన్నడుగు. ఇల్లు అమ్మేటప్పుడు సంతకం అడిగినావు, పెట్టినా. తాళం పగలగొట్టేటప్పుడు అడగల్యా."

 అన్న చేతికి పాసు ఇస్తే తీసుకోలేదు. "నేను సూడలేను రా" అని బస్టాండు వైపు నడిచాడు. ఆ రొట్టెలామె దగ్గర ఆగుతాడేమో అనిపించింది. ఆగాడో లేదో నాకు తెలియదు.

నేను హాల్లోకి పోయి కూర్చున్నాను. పక్క సీటు ఖాళీ. తెర వేరేది, నీలం రంగు సిల్కు. రాజు ప్రవేశించాడు. కిరీటం కొంచెం ఎడమకు వాలి ఉంది. మా జేజినాయన పెట్టి ఉంటే వాలేది కాదు. తెర వెనక ఎవరు పెట్టారో, మాట్లాడుతూ పెట్టారో. అతను తల తిప్పినప్పుడల్లా అద్దాల వెలుగు గోడ మీద పరుగెత్తింది. నటుడు అబద్ధం చెప్పలేదు, నడక మారింది. పద్యం ఎత్తుకోగానే జనం చప్పట్లు కొట్టారు. ఖాళీ కడుపుతో, వీపు కుర్చీకి ఆనించకుండా, నేను మాత్రం కొట్టలేదు.

ఉగాది ఆటకు నేను పోలేదు. అన్నతో ఆ తర్వాత మాట్లాడింది ఒకేసారి, అదీ ఏమేం ఇచ్చాడో తెలుసుకోవడానికి. కిరీటం, భుజకీర్తులు, గద వేషాల సామాను ఆయనకు అమ్మాడు. మఖమలు తెరను విడిగా షామియానాల వాళ్ళకు అమ్మాడు. టేకు పెట్టెను ఆ లావుపాటి ఆయన తన దగ్గర ఉంచుకోలేదు, తాళం ఊడిన చోట రంధ్రంతో సహా ఒక వడ్రంగికి అమ్మేశాడు.