ఒకటే జ్వరం అన్నాయన

పక్కింట్లో గోరింటాకు రుబ్బుతున్న వాసన వస్తే ఎవరికైనా పండగ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది.

తొంభైల్లో, రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో, అట్లతద్దికి పది రోజుల ముందే కొబ్బరితోటలో ఉయ్యాల కట్టేవారు. వానలు వెనకబట్టి, బోదెల్లో నీళ్ళు నిలిచి, పొద్దు వాలితే చాలు దోమలు ముసురుకొనేవి. నాకప్పుడు పదేళ్ళు, తమ్ముడు బుజ్జికి నాలుగు. మలేరియా ముందు నాకొచ్చింది. రోజు విడిచి రోజు మధ్యాహ్నం పూట పళ్ళు టకటకలాడేంత చలి, మీద రెండు బొంతలు, ఆ తరవాత పెనంలా కాలే ఒళ్ళు, చివరికి పక్కంతా తడిపే చెమట. మర్నాడు ఏమీ ఎరగనట్టు లేచి, గోంగూర పచ్చడితో అన్నం తిని ఉయ్యాల ఎక్కేదాన్ని. ఊరంతా డాక్టరుగారని పిలిచే ఆర్‌ఎంపీ ఆయన బిళ్ళలిచ్చారు, తగ్గిపోయింది. మలేరియా అంటే ఇంతేనని ఇంటిల్లిపాదీ అనుకున్నారు.

తరవాత బుజ్జికి వచ్చింది. వాడి జ్వరానికి మధ్యలో విడుపన్నది లేదు. మూడో రోజుకి మొహం తెల్లగా పాలిపోయింది, డొక్కలెగరేస్తూ ఊపిరి తీశాడు, నీళ్ళు పడితే కక్కేశాడు, కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయాడు. ఉచ్చ టీ డికాక్షన్ రంగులో వచ్చింది. కాకినాడ పెద్దాసుపత్రికి నాన్న కారు మాట్లాడతానంటే డాక్టరుగారు నవ్వారు.

"అక్కదీ తమ్ముడిదీ ఒకటే జొరమండి. ఇయ్యాల ఆడికి జొరం రాని రోజు, అందుకే హాయిగా పడుకున్నాడు. కదపకండి."

మేం కదపలేదు. అమ్మ నా చేతులకి గోరింటాకు పెడుతూ, వాడు లేస్తాడు, గట్టిగా మాట్లాడకు అంది. సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. కాకినాడ చేరకుండానే కారులో నాన్న ఒళ్ళోనే పోయాడు. వాణ్ణి పూడ్చిన రోజున నా అరచేతులు ఎర్రగా పండి ఉన్నాయి. ఆ ఏడు మా ఇంట్లో అట్లు పొయ్యలేదు.

నేను నర్సునయ్యాను, పగతోనే అయ్యాను. కొబ్బరితోట చేపల చెరువైపోయింది, ఉయ్యాల కట్టేవాళ్ళూ లేరు. ఆ డాక్టరుగారు మాత్రం ఉన్నారు, వాళ్ళింటి అరుగు మీద కుర్చీలో. ఊరెళ్ళిన ప్రతిసారీ ఎదురుగా కూర్చుని, మలేరియా వచ్చిన పిల్లల్ని ఎప్పుడు పెద్దాసుపత్రికి పరిగెత్తించాలో చెప్పమంటాను. ఆయన వేళ్ళు మడుస్తూ బళ్ళో పిల్లాడిలా అప్పజెబుతారు: మత్తుగా పడుంటే, ఫిట్స్ వస్తే, తాగలేకపోతే, ఊపిరి ఎగదన్నితే, పాలిపోతే, ఉచ్చ నల్లబడితే.

మొన్న అన్నీ తప్పు లేకుండా చెప్పి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశారు.

"ఇంక ఒగ్గెయ్యమ్మా. ఎనభై దాటేసేను."

"మళ్ళీ మొదటినుంచి చెప్పండి, డాక్టరుగారూ," అన్నాను.