మోగితేనే మిషన్

సిలార్ నోట అబద్ధం రాదని చీమకుర్తి సెంటర్లో అందరికీ తెలుసు. బాగుపడని టీవీని పట్టుకుని మనిషిని వారం రోజులు తిప్పించుకునే రకం కాదు. మూత తీసి చూసి, ఇది పోయిందండీ, పాత సామాన్లవాడికి వేసెయ్యండని మొహం మీదే చెప్పేసేవాడు. అందుకే అతని టీవీ రిపేరు షాపు ఎప్పుడూ పెద్దగా సాగలేదు. అట్లాంటి మనిషి యాభై దగ్గర పడ్డాక అబద్ధం చెప్పే మిషన్లు చేసి బతికాడు. పాపం, తెలియక చేశాడని మాత్రం అనకండి. తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండటం కూడా ఒక విద్యే. అది అతనికి కాస్త ఆలస్యంగా అబ్బింది.

పలకల్లాంటి టీవీలు వచ్చాక రిపేరు పని పోయింది. మిరప తోటలకు మందు కొట్టే పంపులు బాగుచేసుకుంటూ కొన్నాళ్ళు గడిపాడు. అప్పుడు గిద్దలూరు వైపు నుంచి ఒకాయన సంచిలో చుట్టి ఒక వస్తువు తెచ్చాడు. పొడుగాటి కర్ర, కింద పళ్ళెం, పైన చిన్న పెట్టె, చెవులకు పెట్టుకునే ఫోను. గోల్డ్ మిషన్ అన్నాడు. పాడుబడ్డ కోటల దగ్గరా, దిబ్బల మీదా లంకెబిందెలు వెతికేవాళ్ళు ఆన్‌లైన్లో తెప్పించుకునే సరుకు అది. లోపల ఒక వైరు ఊడింది. సిలార్ పావుగంటలో అతికించి ఇచ్చాడు. అంతే, ఆ నోటా ఈ నోటా పాకి ఏడాది తిరిగేసరికి షాపులో టీవీల కంటే అవే ఎక్కువయ్యాయి.

చిక్కల్లా ఈ నేలతోనే వచ్చింది. చీమకుర్తి చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా కింద నల్లరాయి. దాన్లో ఇనుము పాలు ఎక్కువ. బంగారానికి మోగినట్టే ఆ రాతికీ మిషన్ మోగుతుంది. అందుకని తయారుచేసినవాడు నేల మోతను అణిచిపెట్టే ఏర్పాటు ఒకటి లోపల పెట్టాడు. అది పనిచేస్తే మిషన్ రోజంతా తిప్పినా పెద్దగా నోరు విప్పదు. విప్పని మిషన్‌ను ఎవడు మెచ్చుకుంటాడు? బాగుచేసి ఇచ్చినవన్నీ మూడో రోజుకల్లా తిరిగొచ్చేవి. ఏం రిపేరు చేశావయ్యా, కుయ్యిమనడం లేదు అనేవాళ్ళు. నేల్లో ఏమీ లేదండీ, అందుకే మోగలేదని చెప్పి చూశాడు. వాళ్ళు వేరే మెకానిక్‌ను వెతుక్కుని వెళ్ళిపోయారు.

మూడు నాలుగు బేరాలు అట్లా పోయాక సిలార్ ఆ ఏర్పాటును ఊడబీకి, దాని చోట ఒక వైరు అతికించేశాడు. లోతు అందాలని పళ్ళెం తీసేసి, చెక్క చట్రం మీద జల్లెడంత వెడల్పున రాగి తీగ చుట్టాడు. ఇక చూడండి, అడుగడుక్కీ సంగీతం. జనం చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. సిలార్ మిషన్ మూడు నిలువుల లోతు చెబుతుందన్నారు. అతను ఔననలేదు, కాదనీ అనలేదు. పాత మిషన్లు కొని ఇట్లాగే మార్చి తనే అమ్మడం మొదలుపెట్టాడు.

ఇచ్చే ముందు పెరట్లో పరీక్ష పెట్టేవాడు. అక్కడ ఇసక కుప్ప ఉంది, నల్లరాయి లేదు. భార్య అమీర్‌బీ చెవికమ్మను ఇసకలో జానెడు లోతున పాతిపెట్టి, కొనేవాణ్ణే వెతకమనేవాడు. మిషన్ సరిగ్గా కమ్మ మీదకు రాగానే కూసేది. బంగారం కళ్ళపడ్డాక ఇంకా అనుమానాలెందుకుంటాయి? అమీర్‌బీ మాత్రం కమ్మ కడుక్కుని పెట్టుకుంటూ ప్రతిసారీ ఒకటే మాట అనేది.

"నా కమ్మ పెట్టి ఊళ్ళోవాళ్ళ కొంపలు ముంచుతున్నావు."

బుల్లయ్య కొంప కూడా అట్లాగే మునిగింది. పక్క ఊరి రైతు. మందు పంపులు బాగుచేసే రోజుల నుంచీ సిలార్‌కు బాగా కావలసినవాడు. రెండేళ్ళు వరసగా నల్ల తామర పురుగు మిరపను ఊడ్చిపెట్టేసింది. మూడో ఏడు పత్తి వేస్తే గులాబీ పురుగు తిన్నది. నీటికుంట కోసం జేసీబీ పెట్టి తవ్విస్తే నీళ్ళు పడలేదు గానీ పాత కుండ పెంకులూ, చిలుం పట్టిన రెండు రాగి నాణేలూ బయటపడ్డాయి. ఇక ఆ మనిషికి నిద్ర లేదు. పొలం బీడు పెట్టేసి సిలార్ దగ్గరకు వచ్చి, ఇసకలో కమ్మను వెతికి పట్టుకుని, చిన్నపిల్లాడిలా నవ్వి మిషన్ తీసుకెళ్ళాడు. మీ నేల కింద రాయి ఉందన్నా, ఊరికే మోగుతుంది, జాగ్రత్త అని చెప్పాల్సిన మాట సిలార్ నాలుక చివరిదాకా వచ్చింది. సంతోషంగా పోతున్నవాణ్ణి వెనక్కి పిలవడమెందుకులే అనుకున్నాడు. ఆ ఊరుకున్నందుకు తర్వాత అతను తన్ను తాను తిట్టుకోని తిట్టు లేదు.

నెలన్నర తర్వాత బుల్లయ్య భార్య వెంకటరావమ్మ షాపుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు చాపి చూపించింది. తాడు లాగి లాగి రెండు అరచేతులూ పుండ్లు పడి ఉన్నాయి. నీటికుంట పక్కనే గొయ్యి తవ్వుతున్నాడని, రెండు నిలువులు దిగాక ఇప్పుడు పక్కకు సొరంగం పెట్టాడని, తట్టలు పైకి లాగేది తానేనని చెప్పింది. నల్లరేగడి, పై అంచున వేలు దూరేటంత నెర్రెలు ఇచ్చిందట. అల్పపీడనం పట్టిందని టీవీలో చెబుతున్నారు. ఆమె భయం అదే.

"నేను చెబితే వినడు. కొడుకు చెబితే వినడు. మిషన్ చేసినోడివి నువ్వు చెప్పు. అందులో ఏమీ లేదని చెప్పి పైకి లాగు సిలారూ. వాన పడితే ఆ మట్టి ఆయన మీదే కూలిద్ది."

సిలార్ షట్టర్ దించి ఆమె వెంటే వెళ్ళాడు.

బుల్లయ్య మట్టి కొట్టుకుపోయిన ఒంటితో నిచ్చెన ఎక్కి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. సిలార్ ఏమీ దాచుకోలేదు. నేల మోతను అణిచే ఏర్పాటు తానే తీసేశానని, నల్లరాతికే మోగుతోందని చెప్పాడు. గోతి అంచున పడున్న ఒక రాయి తీసి తీగ చుట్టిన చట్రం కింద పెట్టాడు. మిషన్ గొల్లుమంది. ఇరవై అడుగులు అవతలికి నడిచి అక్కడా మోగించాడు, కుంట గట్టు మీదా మోగించాడు. బుల్లయ్య అంతా నవ్వుతూ నింపాదిగా చూశాడు. మిషన్ తిరిగిచ్చెయ్యన్నా, నీ డబ్బు నీకిచ్చేస్తాను అన్నాడు సిలార్. ఆ మాటకు అతని మొహంలో నవ్వు పోయింది.

"అమ్మిన సరుకు డబ్బిచ్చి వెనక్కి తీసుకునే షాపువోణ్ణి నేను పుట్టాక చూళ్ళేదు సిలారూ. ఎంత వాటా కావాలో సూటిగా అడుగు."

సిలార్ ఒట్టు పెట్టాడు. అల్లా మీద పెట్టాడు, పిల్లల మీద పెట్టాడు. పెట్టినకొద్దీ బుల్లయ్య కళ్ళు చిన్నవయ్యాయి. ఏమీ లేనిచోటికి పనీపాటా మానుకుని ఎవడైనా పరుగెత్తుకొస్తాడా? అతని లెక్క అది. లేదని ఇంత గట్టిగా చెబుతున్నాడంటే ఉన్నట్టే. వెంకటరావమ్మ వెళ్ళి పిలుచుకొచ్చిందని చెబితే ఆమెను కూడా అదే చూపు చూశాడు. ఆ రోజు నుంచి ఆమెను గోతి దగ్గరకు రానివ్వలేదు. సొరంగం ఏ వైపుకు పోతోందో పెళ్ళానికి కూడా తెలియకూడదని, పాతదాన్ని పూడ్చి ఇంకో వైపు మొదలుపెట్టి, తవ్విన మట్టిని పైకి తేకుండా గోతిలోనే వెనక్కి నెట్టుకుంటూ ఒక్కడే తవ్వాడు.

ఇంటికొచ్చి సిలార్ జరిగింది చెబితే, పోలీసులకు ఫోన్ చెయ్యమంది అమీర్‌బీ. లంకెబిందెల తవ్వకమంటే వాళ్ళు వచ్చి ఆపుతారంది. ఆపుతారు, నిజమే. మిషన్ ఎవరిదని కూడా అడుగుతారు. షాపులో ఇంకో తొమ్మిది మిషన్లున్నాయి. రేపు చూద్దాంలే అన్నాడు. మర్నాడు కూడా అదే మాట. ఒక మనిషి ప్రాణం గోతి అంచున ఉంటే, తొమ్మిది మిషన్లను ఎక్కడ దాచాలా అని ఆలోచించాడు ఆ నిజాయితీపరుడు.

మూడో రోజు తెల్లవారుజామున వాన మొదలైంది. తొమ్మిదింటికి వెంకటరావమ్మ అన్నం తీసుకుని పొలానికి వెళితే గొయ్యి లేదు. చెరువు అడుగులా మెత్తగా కుంగిన బురద, అందులోంచి నిచ్చెన కొస. ఆమె కేకకు ఊరు కదిలింది. చుట్టాలబ్బాయి క్వారీ నుంచి పొక్లెయిన్ తోలుకొచ్చాడు. గోతిని నలభై నిమిషాల్లో అడుగుదాకా తీశారు. అక్కడ మనిషి లేడు. సొరంగంలో ఉన్నాడు. ఏ వైపు సొరంగం? దాని నోరు కూడా బురదలో మూసుకుపోయింది. తప్పు వైపు బకెట్ వేస్తే ఉన్న కాస్త ఖాళీ కూడా కూలుతుందని డ్రైవరు చెయ్యి ఎత్తేశాడు.

అప్పుడు బుల్లయ్య కొడుకు లక్ష్మీకాంత్ సిలార్‌కు ఫోన్ చేశాడు. నాన్న దగ్గర గడ్డపార ఉంది, పార ఉంది, మొలకు వెండి తాడుంది, నీ మిషన్‌తో ఎక్కడున్నాడో చెప్పు బాబాయ్ అన్నాడు.

సిలార్ తడుస్తూనే వచ్చాడు. బుల్లయ్య మిషన్ పశువుల కొట్టంలోనే ఉంది. చెవులకు పెట్టుకుని నడిచాడు. తూర్పున మోగింది, పడమర మోగింది. ఆగిన చోటల్లా మోగింది. మోత తగ్గించడానికి తిప్పాల్సిన బొత్తాం తిప్పితే ఉత్తగా తిరిగింది, దాని వైరు తెంపింది తనే కదా. పెట్టె విప్పి, వానకు గుడ్డ అడ్డం పట్టించి, ఉన్న ఒక్క స్క్రూడ్రైవర్‌తో ఏదో ఒకటి కలపాలని చూశాడు. అతుకు వేసే సామాను లేక ఏదీ కలవలేదు. చుట్టూ నూటయాభై మంది అతని మొహంకేసే చూస్తున్నారు. వెంకటరావమ్మ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ జోడించింది. ఆమెను చూసి, తెలియడం లేదు వదినా అని చెప్పలేకపోయాడు. మళ్ళీ చెవులకు తగిలించుకుని, అన్నిటికంటే గట్టిగా మోగిన చోట ఆగాడు. తూర్పు వైపు చెయ్యి చూపించాడు.

గంటన్నర తవ్వారు. అక్కడ దొరికింది ఆవు పడుకున్నంత నల్లరాయి.

బుల్లయ్య పడమర వైపున దొరికాడు, మధ్యాహ్నం దాటాక. గోతి నడిమి నుంచి తొమ్మిది అడుగులు. మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని బోర్లా ఉన్నాడు. మొహం ముందు తట్టెడు ఖాళీ మిగిలింది. కూలిన వెంటనే పోలేదని, రెండు మూడు గంటలు ఊపిరి ఆడి ఉంటుందని శవపరీక్ష చేసిన డాక్టరు చెప్పాడు. మొదటే పడమర తవ్వి ఉంటే అనే మాట ఎవరూ సిలార్ ముందు అనలేదు. అననక్కర్లేదు కూడా.

పోలీసులు ఆ మిషన్‌తో పాటు షాపులోని తొమ్మిదీ పట్టుకెళ్ళారు. సిలార్ ఏదీ దాచకుండా మొత్తం రాయించాడు, రెండు రోజులు ఆలస్యంగా. తిండి సయించేది కాదు. ఇంట్లో ఫోన్ మోగినా ఉలిక్కిపడేవాడు.

పెద్దకర్మ రోజున అమీర్‌బీ వద్దంటున్నా వెళ్ళాడు. కొడతారేమో అనుకున్నాడు. కొడితే బాగుండనీ అనుకున్నాడు. ఎవరూ కొట్టలేదు. వెంకటరావమ్మ గోడకు చేరగిలి కూర్చుని ఉంది. దగ్గరకు పిలిచి, వచ్చినవాళ్ళకు వినపడకుండా అడిగింది.

"నిజం చెప్పు సిలారూ. అక్కడేదో ఒకటి ఉందిగా? ఉత్త పుణ్యానికే పోయాడా మనిషి?"

అన్ని రోజులూ బిగపట్టిన ఏడుపు సిలార్‌కు అప్పుడొచ్చింది. ఉందని ఒక్క మాటంటే ఆమె కాస్త కుదుటపడుతుంది. ఆమె వెనక లక్ష్మీకాంత్ గుండు తలతో నిలబడి వింటున్నాడు. సిలార్ కళ్ళు తుడుచుకుని, లేదు వదినా, ఏమీ లేదు, అన్నీ రాళ్ళే అని అందరికీ వినపడేటట్టే చెప్పాడు. ఆమె తల గోడకు ఆనించి కళ్ళు మూసుకుంది.

బయటికొచ్చి బండి తీస్తుంటే లక్ష్మీకాంత్ వెనకే వచ్చాడు. ఇంకో మిషన్ చేసిపెట్టగలవా బాబాయ్ అన్నాడు.

సిలార్ బండి స్టాండ్ వేసి, ఆ పిల్లవాడి భుజాలు రెండూ పట్టుకుని కుదిపేశాడు. తూర్పు వైపు అంత గట్టిగా ఎందుకు మోగిందో చూశావు కదరా, రాయి, నీ కళ్ళతో నువ్వే చూశావు కదరా అని అరిచాడు.

లక్ష్మీకాంత్ కోప్పడలేదు. సిలార్ చేతులు నెమ్మదిగా తీసేసి అన్నాడు.

"రాయిని చూశాం బాబాయ్. రాయి కింద చూళ్ళేదుగా."