మాస్టారి వైఫైకి తాళం లేదు

ఈ సాయంత్రం ఆరింటికి అమలాపురం పోలీసులు మా ఎదురింటి లెక్కల మాస్టారి కొడుకును స్టేషన్‌కు రమ్మన్నారు. ఎవరికో బెదిరింపు మెయిల్ వెళ్లింది. అందులోని ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు, మాస్టారి ఇంటి రౌటర్‌ది. ఆ అబ్బాయి సోమవారం ఉద్యోగంలో చేరాలి. మాస్టారితో పాటు నేనూ స్టేషన్‌కు వెళ్లాను.

"మీవాడు కాకపోతే ఇంకెవరండి?" అన్నారు ఎస్సై.

"వీధంతా మా వైఫైయే వాడతారండీ. పాస్‌వర్డ్ పెట్టలేదు. మంచినీళ్లకి తాళం వేస్తామా ఏవిటండీ?" అన్నారు మాస్టారు.

ఎస్సై నవ్వలేదు. ఐపీ ఇంటి మొత్తానికి ఒకటేనని, ఏ కంప్యూటరో తేల్చేది ప్రతి యంత్రానికీ విడిగా ఉండే మ్యాక్ అడ్రస్ అని నేను చెప్పాను. అందరం మాస్టారింటికి వచ్చి రౌటర్ రికార్డు తెరిచి చూస్తే, మెయిల్ వెళ్లిన సమయానికి నాలుగు లాప్‌టాప్‌ల మ్యాక్‌లు ఉన్నాయి. మాస్టారింట్లో ఉన్నది ఒక్క లాప్‌టాప్.

మిగతా మూడింటిలో ఒకటి నాది. మీ వైఫైకి తాళం ఉందా, చెప్పండి. రేపు పదింటికి మా వీధి లాప్‌టాప్‌లన్నీ స్టేషన్‌లో చూపించాలి.