మంచినీళ్ళ బాబాయి

మా బాబాయికి ఒక్కటే జబ్బు. ఏ వస్తువు బాగుచేయాలన్నా ముందు ఆ వస్తువు తాలూకు మనిషిని గదిలోంచి పంపించేయాలి. "కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడతారా, దాహంగా ఉంది" అంటాడు. మనం గ్లాసుతో తిరిగొచ్చేసరికి వస్తువు శుభ్రంగా పనిచేస్తూ ఉంటుంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తుంటాడు. ఏమైందని అడిగితే ఎవరికైనా ఒకటే జవాబు. "ఏం లేదు. దానంతట అదే బాగైంది."

బాబాయంటే నాకు చుట్టమేమీ కాదు. మాది బట్టల మీద అచ్చు వేయడానికి పువ్వులూ తీగలూ గీసి ఇచ్చే ఆఫీసు. అందులో కంప్యూటర్లకీ, ప్రింటర్లకీ, ఫ్యాన్లకీ, తలుపు గడియలకీ ఆయనే దిక్కు కాబట్టి అందరం బాబాయి అనేవాళ్ళం. తెచ్చిన నీళ్ళు తాగకపోతే తెచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని గ్లాసు ఖాళీ చేసేదాకా వదిలేవాడు కాదు. వస్తువులన్నీ ఒకేసారి మొరాయించిన రోజున ఆయన నడుస్తుంటే కడుపులో నీళ్ళు కదిలే చప్పుడు పక్కగదిలోకి వినిపించిందని మా గుమాస్తా ఒట్టేసి చెప్పేవాడు.

ఈ మంచినీళ్ళ మర్మం ఏమిటన్న దాని మీద ఆఫీసులో తలా ఒక వాదం ఉండేది. విద్య మనకి అంటుకుంటుందేమోనని భయం అనేవాడు గుమాస్తా. అసలు ఆయనకి రిపేరే రాదు, రెండు దెబ్బలు వేస్తే అవే లేస్తాయి అనేవాడు మేనేజరు. ఎవరైనా చూస్తుంటే ఆయనకి చేతులు వణుకుతాయేమోనని నేననుకునేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక, ఏం చేశారో చెబితే ఈసారి మేమే చేసుకుంటాం కదా అని అడిగాను. ఆయన కాసేపు నీళ్ళు నమిలి, నేను చేసిందేముందమ్మా, అలా పట్టుకున్నాను, అది సర్దుకుంది అన్నాడు.

గుమాస్తా సంగతి వేరే చెప్పాలి. ఒకరోజు ప్రింటరు కదల్లేదని ఆయన దాని మీదా మా మీదా కలిపి కేకలేశాడు. బాబాయి వచ్చి ఆయన్ని నీళ్ళకి పంపాడు. తిరిగొచ్చేసరికి ప్రింటరు కాగితాలు కక్కుతోంది. దానంతట అదే బాగైందని బాబాయి అనగానే గుమాస్తా మీసం దువ్వుకుని, తన కేకకి యంత్రాలు కూడా దారికొస్తాయని ఆ వారమంతా కనిపించినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు. బాబాయి పక్కనే ఉండి అవునవునని తలూపాడు.

మా గదిలో అందరికంటే పెద్దది పెద్దక్కయ్య. నేను పుట్టకముందు నుంచీ ఆవిడ ఆ కిటికీ పక్కనే కూర్చుని పెన్సిలుతో తీగలు గీస్తోంది. అలాంటి గదిలోకి ఒకరోజు ట్యాబ్‌లు దిగాయి. ఇకమీదట డిజైన్లన్నీ ట్యాబ్ మీదే, దాని పెన్నుతోనే గీయాలని మేనేజరు ప్రకటించాడు. చేతకానివాళ్ళు కింద గదికి వెళ్ళి బట్టలు మడత పెట్టుకోవచ్చు అన్నాడు. ఆయన ఎవరి వైపూ చూడకుండానే చెప్పాడు. మేం మాత్రం పెద్దక్కయ్య వైపే చూశాం.

ఆవిడ భయపడింది గానీ మొండికెయ్యలేదు. రోజూ ట్యాబ్ ఇంటికి పట్టుకెళ్ళి సాధన చేసింది. అర్థంకానిది నన్ను అడిగి తెలుసుకుంది. కొన్నాళ్ళకి ఆవిడ గీసిన తీగ చూస్తే నాకే అసూయ పుట్టింది. యజమాని స్వయంగా వచ్చి ఒక్కొక్కరి చేతా గీయించి చూస్తాడని తెలిసినప్పుడు, పెద్దక్కయ్యకి ఢోకా లేదనే అనుకున్నాను.

ఆ రోజు నా కాలు బెణికి ఉండటంతో కుంటుకుంటూ వచ్చేసరికి పెద్దక్కయ్య అందరికంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మాయీ, ఇది నన్ను గుర్తుపట్టడం లేదే" అంది.

పెన్ను ఎంత గీసినా తెర మీద గీత పడటం లేదు. ముందు చార్జింగ్ చూశాను, నిండుగా ఉంది. బ్లూటూత్ ఆపి మళ్ళీ పెట్టాను. ఆ పెన్నుని మర్చిపొమ్మని ట్యాబ్‌కి చెప్పి, మళ్ళీ కొత్తగా జతచేశాను. పెన్ను కలిసిందని చూపిస్తోంది తప్ప గీత మాత్రం రాదు. తెర తుడిచాను, ట్యాబ్ ఆర్పి వెలిగించాను. గుమాస్తా వచ్చి కాసేపు ఎండలో పెట్టమన్నాడు. తర్వాత తన పద్ధతిలో దాని మీద ఒక కేక వేశాడు. ఈసారి పనిచేయలేదు.

అంతలో మేనేజరు వచ్చాడు. నా పెన్ను ఆవిడకి ఇస్తానంటే ఒప్పుకోలేదు. ఎవరి పెన్ను వాళ్ళు చూసుకోవడం కూడా పనిలో భాగమేనన్నాడు. అందరి పెన్నులూ పనిచేస్తుంటే ఈవిడదే ఎందుకు పనిచేయలేదో ఆలోచించండి అంటూ గడియారం చూసుకున్నాడు. యజమాని వచ్చేలోగా గీత పడకపోతే రేపట్నుంచి కింద గదే అన్నాడు. పెద్దక్కయ్య అప్పటికే తన సంచీ సర్దుకుంటోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఎవరో పిలిస్తే బాబాయి వచ్చాడు. పెన్ను అందుకుని దాని మొన వైపు ఒక్కసారి చూశాడు. వెంటనే గుప్పిట మూసేశాడు. ఇవాళ దాహం మరీ ఎక్కువగా ఉంది, అందరూ తలో గ్లాసూ తేవాలి అన్నాడు. మేనేజర్ని కూడా వదల్లేదు. మీ గదిలో నీళ్ళు చల్లగా ఉంటాయండీ, ఆ గ్లాసు మీరే తేవాలి అని చేతులు జోడించాడు. అందరూ వెళ్ళారు. నేను లేవలేనని గుర్తొచ్చి, నా కుర్చీని నాతో సహా గోడవైపు తిప్పి, అలా విశ్రాంతి తీసుకోమన్నాడు.

ఆ గోడకి గుడ్డ నమూనాలు పెట్టే అద్దాల బీరువా ఉంది. వెనక జరిగేదంతా అద్దంలో కనిపిస్తోంది. ఆ పెన్నుల మొనలు మరతిప్పితే ఊడివస్తాయి. బాబాయి పెద్దక్కయ్య పెన్ను మొన తీసి వెలుతురులో పట్టుకున్నాడు. అది ఏటవాలుగా, పెన్సిలు ముక్కులా చెక్కి ఉంది. పెద్దక్కయ్య ఏ బొమ్మ మొదలుపెట్టాలన్నా ముందు బ్లేడు తీసి పెన్సిలు చెక్కుతుంది. చెక్కకుండా గీత గీసిన పాపాన పోలేదు. ఆ పొద్దున కంగారులో, చేతిలో ఉన్నదేమిటో మర్చిపోయి, పరీక్షకి ముందు ట్యాబ్ పెన్నుని చెక్కేసింది.

బాబాయి నా బల్ల దగ్గరికొచ్చి నా పెన్ను మొన తీసి ఆవిడ పెన్నుకి బిగించాడు. ఆవిడ చెక్కినదాన్ని నా పెన్నుకి బిగించాడు. ఆవిడ బల్ల మీద రాలిన తెల్లటి పొట్టు అరచేత్తో ఊడ్చి జేబులో వేసుకుంటుండగా, అద్దంలో మా ఇద్దరి కళ్ళూ కలిశాయి.

"ఆవిడకి చెప్పరా బాబాయ్?" అన్నాను.

"ఎదురుగా బాగుచేస్తే ఎవరి తప్పో తెలిసిపోతుందమ్మా. తెలిస్తే ఇంక ఆ వస్తువుని ముట్టుకోవాలంటే భయపడతారు. ఆవిడ ఇప్పుడు భయపడకుండా గీయాలి కదా."

"మరి నా పెన్ను?"

"నీ వంతు మధ్యాహ్నం కదా. ఆలోగా కొత్త మొన తెస్తాను. కాస్త ఓర్చుకో."

నేను గోడవైపే చూస్తూ కూర్చున్నాను. గుమాస్తా ప్రింటరు గుర్తొచ్చింది. దాని వైరు ఊడిపోయి ఉంటుంది, అంతే. ఇన్నాళ్ళూ చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికింది మేమే, ప్రతిసారీ ఆ పిల్లని చప్పుడు కాకుండా దింపింది ఆయన. ఈ మనిషిని చూసి ఇంతకాలం నవ్వినందుకు కాదు గానీ, ఇంత ఆలస్యంగా ఇష్టపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

గ్లాసులు వచ్చాయి. దానంతట అదే బాగైందని చెప్పి ఆయన వాటన్నిటినీ వరసగా తాగాడు. మేనేజరు గ్లాసు దగ్గర కాస్త ఆయాసపడ్డాడు. యజమాని వచ్చినప్పుడు పెద్దక్కయ్య ముందుగా ఒక చిన్న గీత గీసి చూసుకుంది. అది పడింది. ఆ తర్వాత ఆవిడ తల ఎత్తలేదు. తీగ తెర ఈ మూల నుంచి ఆ మూలకి పాకింది, ఆకులు వచ్చాయి, మొగ్గలు వచ్చాయి. యజమాని కుర్చీ లాక్కుని కూర్చుని చూశాడు. రాబోయే డిజైన్లన్నీ ఈవిడ చేతే మొదలుపెట్టించమని, మిగతావాళ్ళని మధ్యాహ్నం చూస్తానని చెప్పి వెళ్ళాడు. ఆవిడ సంగతి తను ముందునుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు మేనేజరు.

తర్వాత మేనేజరుకి నా పెన్ను పనిచేయడం లేదని తెలిసింది. ఈ కాలం పిల్లలకి వస్తువంటే లెక్కలేదని మొదలుపెట్టాడు. గుమాస్తా కూడా తనవంతు రెండు మాటలు కలిపాడు. నేను కుక్కిన పేనులా పడి ఉన్నాను. వాళ్ళు వెళ్ళాక బాబాయి కొత్త మొన పట్టుకొచ్చాడు. ఆయన బిగించేలోపు పెద్దక్కయ్య లేచి వచ్చి నా పెన్ను చేతిలోకి తీసుకుంది.

కళ్ళజోడు సర్దుకుని ఆ మొనని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. ఆ చెక్కుడు ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పాలా? బాబాయికి ఉన్నట్టుండి పైన ఫ్యాను మీద శ్రద్ధ పుట్టింది.

"ఎవరు చెక్కారో గానీ, చెయ్యి తిరిగినవాళ్ళే" అంది పెద్దక్కయ్య.

"ఎవరూ చెక్కలేదక్కయ్యా" అన్నాడు బాబాయి ఫ్యాను వైపే చూస్తూ. "దానంతట అదే అలా అరిగింది."

"అలాగా తమ్ముడూ" అంది ఆవిడ. "దానంతట అదే ఇంత నున్నగా అరిగిందంటే పని వచ్చిన మొనే. దాన్ని మాత్రం కింద గదికి పంపించకండి."

ముందు నవ్వింది ఆవిడే. ఆ తర్వాత మా ఇద్దరికీ ఆగలేదు.